దాచిన మాట

పూర్వులు ఈ రోగమును రాచపుండనిరి, పుట్టకురుపనిరి. నేడు మనమందరమును క్యాన్సరు అనుచున్నాము. పేరు మారినది గాని, పేరు పలుకునపుడు గొంతు తగ్గించు అలవాటు మాత్రము మారలేదు. పెరటి గోడయొద్ద ఇరుగుపొరుగు స్త్రీలు చేరినపుడు "ఆవిడకు అదేనట" అందురే గాని, ఆ 'అది' యేదో చెప్పరు. మేమును అట్లే వినుచు పెరిగితిమి, అట్లే మెలగితిమి. అట్లు గొంతు తగ్గించినందువలన మా యింట ఏమి జరిగినదో సోదరీమణులకు విన్నవింపవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. మేము వైద్యశాస్త్రము చదివినవారము కాము. ఇంటిలో కన్నులార చూచినది, డాక్టర్లను అడిగి తెలిసికొన్నది, మేము చేసిన తప్పు—ఈ మూడే యిందున్నవి.

మాది ఉమ్మడి కుటుంబము. మా వారికి అన్నగారొకరు కలరు. వారి భార్యను మేము అక్కయ్య అని పిలుతుము. మేము కాపురమునకు వచ్చునాటికే ఇంటి తాళపుచెవులు ఆమె కొంగున నుండెను. అత్తగారి మనసెరిగి మెలగుట, ఉన్నదానిలో నలుగురికి అమర్చుట, పసిబిడ్డకు నీళ్ళు పోయుట—అన్నియు ఆమెయే మాకు నేర్పినది. మా రెండు పురుళ్ళకును పథ్యము వండి పెట్టినది ఆమెయే. అట్టి అక్కయ్యకు మేము మేలు చేయుచున్నామనుకొని కీడు చేసితిమి.

నాలుగేండ్ల క్రిందట నరక చతుర్దశి నాడు తెల్లవారకమునుపే లేచి, ఆచారము చొప్పున ఒకరికొకరము తలంట్లు పోసికొనుచుంటిమి. మేము అక్కయ్య వీపునకు నూనె రాయుచుండగా, ఆమె మా చేయి పట్టుకొని తన ఎడమ రొమ్మునకు ప్రక్కగా, చంకకు దిగువను ఉంచెను. చర్మము క్రింద రేగుకాయంత గడ్డ మా వ్రేళ్ళకు తగిలినది.

"ఎన్నాళ్ళనుంచి అక్కయ్యా?" అని అడిగితిమి.

"వినాయక చవితికి చూసుకున్నాను. నొప్పేమీ లేదే చెల్లాయ్. నొప్పి లేనిదానికి భయమెందుకు?" అని ఆమె అనెను. కాని భయము లేని మనిషి మా చేతిని అంత గట్టిగా పట్టుకొనదు.

అప్పటికి ఆమె కుమార్తెకు సంబంధము కుదిరి తాంబూలములు పుచ్చుకొని పదిదినములైనది. ముహూర్తము ఫాల్గుణములో. అక్కయ్య మా చేతిలో చేయి వేయించుకొని, "పెళ్ళయ్యేదాకా ఎవ్వరికీ చెప్పకు. తల్లికి ఇట్లా ఉందంటే రేపు పిల్లకూ వస్తుందంటారు. పీటలమీదికి వచ్చిన పెళ్ళి నావల్ల చెడిందంటే నేను బ్రతికీ ఏం సుఖం?" అనెను. మేము సరే యంటిమి.

ఆ 'సరే' అను రెండక్షరములు ఐదు నెలలు మా కుత్తుకలో నిలిచినవి. చీరలు కొనునపుడును, అప్పడములు ఒత్తునపుడును, శుభలేఖలకు పసుపు రాయునపుడును మా చూపు ఆమె ఎడమప్రక్కకే పోవుచుండెను. ఏకాంతమున అడిగినపుడెల్ల, "నొప్పి లేదులే" అనుటయే ఆమె సమాధానము. నొప్పి లేకపోవుటయే మమ్ము మోసగించినది. రొమ్ములో పుట్టు క్యాన్సరు గడ్డ మొదట చాలమందికి నొప్పి కలిగింపదని మాకు తరువాత గదా తెలిసినది! నొప్పి పెట్టునది చెడ్డది, పెట్టనిది మంచిది అను లెక్క పంటికి సరిపోవునేమో గాని దీనికి సరిపోదు.

పెండ్లి వైభవముగా జరిగినది. పదహారురోజుల పండుగ కూడ ముగిసినది. నాటి రాత్రి మేము అక్కయ్యను గదిలోనికి పిలిచి చూడగా, రేగుకాయ నిమ్మకాయంతయై, చంకలో మరియొకటి చేతికి తగులుచుండెను. "ఇక పోదము" అంటిమి. "పిల్ల కాపురానికి వెళ్ళి కుదుటపడనీ. ఆషాఢం పోనీ" అని ఆమె మరల వాయిదా వేసినది. అపుడు మాకు తెలిసినది, ఈ వాయిదాలకు అంతము లేదని; పెండ్లి ఒక సాకే గాని కారణము కాదని. ఆ రాత్రి మేము మాట తప్పితిమి. బావగారికి ఎదురుగా నిలిచి మాటలాడుట మా యింట అలవాటు లేదు. మా వారిని వెంటబెట్టుకొని పోయి, తలుపు వారగా నిలుచుండి, అంతయు చెప్పివేసితిమి. ఆయన చాలసేపు పలుకక, "ఐదు నెలలా అమ్మా?" అని మాత్రమనిరి. అక్కయ్య పదకొండు దినములు మాతో మాటలాడలేదు.

హైదరాబాదులో ఒక క్యాన్సరు ఆసుపత్రికి పోయితిమి. లేడీ డాక్టరు గడ్డను పరీక్షించి, "ఎన్నాళ్ళయింది?" అని అడిగిరి. "పదిహేను రోజులు" అని అక్కయ్య అనెను. మేము తల వంచుకొని, "ఏడు నెలలండీ. మాకు తెలిసి ఐదు" అంటిమి. డాక్టరు మమ్మొకసారి చూచి, మారు మాటలాడక కాగితముమీద వ్రాసికొనిరి. తిట్టియుండిన బాగుండెడిదని నేటికిని అనిపించును.

పరీక్షలు మూడు విధములుగా జరిగినవి. మొదటిది చేతితో చూచుట. రెండవది ఎక్స్‌రే వంటి మామోగ్రాము, అల్ట్రాసౌండు. మూడవది బయాప్సీ, అనగా మందు పెట్టి మొద్దుబారజేసి, లావు సూదితో గడ్డనుండి సన్నని ముక్కలు తీసి సూక్ష్మదర్శినిక్రింద చూచుట. సూది గ్రుచ్చిన రోగము ఒళ్ళంత ప్రాకునని మా బంధువులలో ఒకరు ఆటంకపెట్టిరి. డాక్టరుగారు ఓపికగా, "ఏ జాతిదో తెలియకుండా మందెలా ఇవ్వమంటారు? సూదివల్ల ప్రాకదు, ఆలస్యంవల్ల ప్రాకుతుంది" అనిరి. ముక్కను చూచుటతో పని తీరదట. ఆ కణములు స్త్రీ హార్మోనును ఆహారముగా గ్రహించునవా, హెర్2 అను మాంసకృత్తు వానిపై అధికముగా నున్నదా అని కూడ చూతురు. రొమ్ము క్యాన్సరను ఒక్క పేరుక్రింద పలు రోగములున్నవనియు, ఒకరి మందు ఇంకొకరికి పనికిరాకపోవచ్చుననియు మాకు అప్పుడు తెలిసినది. అక్కయ్యది హార్మోనుకు లొంగు జాతి. చంకలోని గ్రంథులకు వ్యాపించినది గాని, కాలేయము, ఊపిరితిత్తులు, ఎముకలు శుభ్రముగా నుండెను.

బావగారు డాక్టరుగారిని ప్రక్కకు పిలిచి, రోగము పేరు రోగికి చెప్పవలదని వేడుకొనిరి. ఇంటికి వచ్చి మేమందరము గడ్డ, వాపు, కంతి అని ఏవేవో పేర్లు చెప్పితిమి. రెండుదినములు విని అక్కయ్య నవ్వి, "ఆసుపత్రి గుమ్మం మీద అంతంత అక్షరాలతో రాసి ఉంటే నాకు చదువు రాదనుకున్నారా?" అనెను. అందరమును సిగ్గుపడితిమి. నాటినుండి డాక్టరుగారు ఆమెతోనే నేరుగా మాటలాడిరి. ఏ మందు ఎందులకో, ఏ దినమున ఏమి బాధ కలుగునో ఆమెయే అడిగి తెలిసికొని, చాకలిపద్దు వ్రాసికొను పుస్తకములో వ్రాసికొనసాగెను. తెలిసిన కష్టమునకు మనిషి నడుము బిగించును. తెలియని కష్టమునకు వణకును. రోగిని పసిబిడ్డగా చూచుట ప్రేమయని మనమనుకొందుము గాని, అది ఆమెను ఒంటరిని చేయుటయే.

ఒకనాడు మేము ధైర్యము చేసి డాక్టరుగారిని ఒంటరిగా అడిగితిమి: "దీపావళికే వచ్చి ఉంటే ఏమయ్యేదండీ?" వారు కొంచెమాలోచించి, "అది ఎవ్వరూ నిశ్చయంగా చెప్పలేరమ్మా. గడ్డ చిన్నదైతే చికిత్సా చిన్నదవుతుంది. అంతవరకే చెప్పగలను" అనిరి. ఆ మాటను మేము అనేక రాత్రులు నెమరువేసితిమి. అది మమ్ము తప్పించినమాట కాదు, ఉరిదీసినమాటయు కాదు.

చికిత్స చిన్నదగుట యననేమో ఈ శాస్త్రపు చరిత్ర చూచిన తెలియును. అమెరికాలో విలియం హాల్‌స్టెడ్ అను శస్త్రవైద్యుడు 1880ల నుండి రొమ్మును, దాని క్రింది కండరములను, చంకలోని గ్రంథులను కూడ సమూలముగా తీసివేయు పద్ధతిని ప్రచారము చేసెను. పెక్కు దశాబ్దములు ప్రపంచమంతటను స్త్రీలు దానినే భరించిరి. ఎంత ఎక్కువ కోసిన అంత క్షేమమని వైద్యులు నమ్మిరి. బెర్నార్డ్ ఫిషర్ అను డాక్టరు అట్లు నమ్ముట చాలదు, పరీక్షించి చూడవలెననెను. చిన్నగడ్డలు గల స్త్రీలలో కొందరికి రొమ్మంతయు తీసి, కొందరికి గడ్డను మాత్రము తీసి రేడియేషను ఇచ్చి, ఏండ్లతరబడి పోల్చి చూచిరి. 1985లో ప్రకటించిన ఫలితమును, ఇరువది యేండ్లు గమనించి 2002లో ప్రకటించిన ఫలితమును ఒక్కటే: ఆయుర్దాయములో భేదము లేదు. కావున నేడు సకాలమున వచ్చిన స్త్రీలలో పెక్కుమంది రొమ్ము పోగొట్టుకొనకయే గుణము పొందవచ్చును. అక్కయ్యకు మాత్రము గడ్డ పెద్దదగుటచేత మొదట కీమో ఇచ్చి, తరువాత రొమ్ము తీసివేయవలసి వచ్చినది.

చైత్రములో కీమో ఆరంభమైనది. ఆరు నెలలు పట్టినది. మొదటి మందు ఎర్రగా దానిమ్మరసమువలె నుండును. వాంతులకు మేము మిక్కిలి భయపడితిమి గాని, వానిని ఆపు మందులు నేడు చాల మెరుగుపడినవి. ఓలాంజపిన్ అను మాత్ర వాంతులకు మంచిదే గాని నిద్రమత్తు కలిగించునట. ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి వారు 2024లో ప్రకటించిన పరిశోధనలో, 10 మిల్లీగ్రాములకు బదులు 2.5 మిల్లీగ్రాములిచ్చినను వాంతులు అంతే అదుపులో నుండి, మత్తు తగ్గినదని తేలినది. వంటింటిలో కూర్చుండలేని స్త్రీకి ఇట్టి చిన్న పరిశోధన ఎంత పెద్ద ఉపకారమో మగవారికంటె మనకే బాగుగ తెలియును.

ఇంటిలో ముఖ్యముగా గుర్తుంచుకొనవలసినది జ్వరము. కీమోవలన తెల్లకణములు తగ్గును గనుక, జ్వరము 100.4 డిగ్రీలు దాటిన, అది అర్ధరాత్రియైనను వెంటనే ఆసుపత్రికి పోవలెను. రెండవ విడత మందైన పదవనాటి రాత్రి అక్కయ్యకు 101 డిగ్రీలు వచ్చినది. "మాత్ర వేసి తెల్లవారి చూతము" అని బావగారనిరి. ఈసారి మేము తలుపు వారగా నిలువలేదు. ఎదురుగా పోయి, "ఇప్పుడే బయలుదేరాలండీ" అంటిమి. ఆయన మారుమాటలాడక కారు తాళములు తీసిరి. మూడుదినములు సూదులద్వారా మందులిచ్చిన పిమ్మట జ్వరము దిగినది. అప్పుడే అక్కయ్య మా చేయి మరల పట్టుకొన్నది.

ఆ దినములలో ఒక పెద్దమ్మగారు బిళ్ళగన్నేరు ఆకుల రసము తెచ్చి, "క్యాన్సరు మందులు దీనినుంచే చేస్తారటమ్మా, తాగించు" అనిరి. మాట అబద్ధము కాదు. మన పెరళ్ళలో పూయు ఆ మొక్కనుండియే 1958లో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనువారు విన్‌బ్లాస్టిన్ అను మందును వేరుచేసిరి. దాని తోబుట్టువైన విన్‌క్రిస్టిన్ పిల్లల రక్తక్యాన్సరునకు నేటికిని వాడుచున్నారు. కాని రాసులకొలది ఆకునుండి వచ్చునది చిటికెడు మందు. అదియు తూకము తప్పిన విషము. ఏ ఆకులో ఎంతయున్నదో, అక్కయ్య పుచ్చుకొను మందులతో కలిసి అదేమి చేయునో ఎవరెరుగుదురు? పెద్దమ్మగారికి కాఫీ యిచ్చి, ఆమె మనసు నొచ్చకుండ రసమును ప్రక్కనుంచితిమి.

కీమో హాలులో మా ప్రక్క మంచముమీద ఒక చిన్నపిల్లకు మెథోట్రెక్సేట్ అను మందు ఇచ్చుచుండిరి. దాని పుట్టుకలో మన తెలుగువాని చేయి ఉన్నదని తెలిసినపుడు మాకు ఒడలు పులకరించినది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలకు నాయకులై, ఫోలిక్ ఆమ్లమునకు విరోధముగా పనిచేయు మందులను తయారు చేయించిరి. వానిలోని అమినోప్టెరిన్‌ను బోస్టనులో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరు సోకిన పిల్లలకిచ్చి, రోగము తాత్కాలికముగానైన వెనుదిరుగునని 1948లో లోకమునకు చాటెను. ఆ యేడే సుబ్బారావుగారు కాలధర్మము చెందిరి. ఆ మందుకు తమ్ముని వంటిదే మెథోట్రెక్సేట్. 1956లో అది గర్భసంబంధమైన కోరియోకార్సినోమా అను క్యాన్సరు గల స్త్రీలకు ప్రాణదానము చేసినది. మనము గొంతు తగ్గించి పలుకు రోగముతో మన జిల్లాలవాడొకడు అట్లు ఎదురు నిలిచి పోరాడినాడు.

వైశాఖములో అక్కయ్య జుట్టు రాలిపోయినది. మోకాళ్ళవరకు వ్రేలాడు జడ ఆమెది. తలగడమీద గుత్తులుగుత్తులుగా వచ్చుట చూడలేక, ఒకనాడు ఆమెయే క్షురకుని పిలిపించి అంతయు తీయించివేసెను. ఎనుబదియేండ్ల మా అత్తగారు ముత్తైదువ తల బోడియగుట చూచి గోడకు తిరిగి ఏడ్చిరి. బంధువులలో కొందరు, "తిరుపతి మ్రొక్కని చెప్పండి, ఎవరూ ఏమీ అనుకోరు" అని ఉపాయము చెప్పిరి. అక్కయ్య తల అడ్డముగా త్రిప్పి, "దాచి ఏడు నెలలు చూశానుగా. ఇంకొక అబద్ధం వద్దు. స్వామి పేరు చెప్పి అసలే వద్దు" అనెను.

శ్రావణములో మా వీధినే వరలక్ష్మీ పేరంటమునకు పోయితిమి. అక్కయ్య తలకు గుడ్డ కట్టుకొని, పట్టుచీర కట్టి కూర్చుండెను. పసుపు రాయుచు, బొట్టు పెట్టుచు వచ్చిన యువతి అక్కయ్యయొద్దకు వచ్చి ఒక్క క్షణము తటపటాయించి, మా వైపు తిరిగినది. ఆమె చెడ్డది కాదు. ఏమి చేయవలెనో ఆమెకు తోచలేదు. గదియంతయు మౌనమైపోయినది. అప్పుడు మా అత్తగారు గోడ పట్టుకొని లేచి, ఆ పళ్ళెములోని కుంకుమ తీసికొని, "మా పెద్దకోడలికి ముందు పెట్టాలమ్మా" అని తమ వణకు చేతితో అక్కయ్య నుదుట పెద్దబొట్టు పెట్టిరి. ఆ తరువాత అక్కడ ఎవరికిని సందేహము కలుగలేదు. గోడకు తిరిగి ఏడ్చిన ఆ పెద్దామె మూడు నెలలలో ఇంత దూరము వచ్చినది. ఈ రోగము అంటుకొనునది కాదనియు, రోగి గిన్నె, గ్లాసు వేరు పెట్టనక్కరలేదనియు మేము చెప్పి చెప్పి అలసిన విషయమును ఆమె ఒక్క బొట్టుతో తేల్చివేసిరి.

ఆశ్వయుజములో శస్త్రచికిత్స జరిగినది. దానినిగూర్చి చదువుచుండగా మన దేశపు పరిశోధన యొకటి మాకు తెలిసినది. పన్ను తీయునపుడు మొద్దుబారుటకిచ్చు లిడోకెయిన్ అను చవుక మందును, శస్త్రచికిత్సకు కొద్ది నిమిషములముందు గడ్డ చుట్టును సూదితో ఎక్కించి, టాటా మెమోరియల్ ఆసుపత్రికి చెందిన రాజేంద్ర బద్వే గారును సహచరులును సుమారు 1,600 మంది స్త్రీలలో పరీక్షించిరి. 2023లో ప్రకటించిన ఫలితమునుబట్టి, ఐదేండ్లకు జీవించియున్నవారు ఆ సూది లేనివారిలో నూటికి 86.4, ఉన్నవారిలో 90.1. లక్షల రూపాయల మందులనుగూర్చియే మనము విందుము; ఇట్టివి కూడ వెదకువారున్నారు.

పిమ్మట రేడియేషను. మన ఊళ్ళలో దానిని 'కరెంటు పెట్టుట' యందురు గనుక అక్కయ్య షాకు కొట్టునేమోయని మొదటిదినము భయపడెను. అది కరెంటు కాదు, కంటికి కనబడని కిరణము. తగులునపుడు నొప్పి యుండదు. పూర్వము 25 దినములు, ఐదు వారములు ఇచ్చెడివారు. 2008లో వెలువడిన ఇంగ్లాండు పరిశోధనలవలన 15 దినములు చాలునని తేలినది. 2020లో కొందరికి ఐదే దినములు చాలునని మరియొక పరిశోధన చూపినది. పరాయి ఊరిలో గది అద్దెకు తీసికొని, స్టవు వెలిగించుకొని, వారములు లెక్కించుకొను మాబోటివారికి ఆ రెండు వారముల భేదమెంతటిదో వ్రాయనక్కరలేదు. గ్రంథులు తీసిన ప్రక్క చేయి వాచు భయముండుటచేత వ్యాయామము నేర్పిరి. గోడమీద వ్రేళ్ళతో మెల్లగా పైకి ప్రాకుచు, దినదినము ఒక గీత గీసికొనుచు అక్కయ్య చేయి ఎత్తగలిగినది. అటుతరువాత హార్మోనును తగ్గించు మాత్ర దినమునకొకటి, ఏండ్లతరబడి.

ఇక, ఎవరికొరకు దాచితిమో ఆ వియ్యాలవారి సంగతి. కీమో నడుమ వియ్యపురాలుగారు తామే చూడవచ్చిరి. మా గుండెలు దడదడలాడినవి. భోజనములైన తరువాత ఆమె అక్కయ్యను గదిలోనికి పిలిచి తలుపు వేసిరి. అరగంటకు వెలుపలికి వచ్చి అక్కయ్య మాతో మెల్లగా, "ఆవిడకూ రెండేళ్ళుగా ఉందిట. ఎవ్వరికీ చెప్పలేదుట. వచ్చేసారి నాతో తీసుకుపోతున్నాను" అనెను. వియ్యపురాండ్రిద్దరును కలిసి ఆసుపత్రికి పోయిరి. ఆమెది నీటితిత్తి మాత్రమే, క్యాన్సరు కాదు. రొమ్ములో తగులు గడ్డలలో ఎక్కువభాగము అట్టివేనట. రెండేండ్లు ఆమె మోసిన భయము రెండు గంటలలో దిగిపోయినది. ఎవరేమనుకొందురోయని మేము భయపడిన యిల్లు కూడ అదే భయముతో తలుపులు మూసికొనియుండెనుగదా! వంశపారంపర్యముగా వచ్చునవి నూటికి ఐదుమొదలు పది మాత్రమే. అనుమానమున్న రక్తపరీక్షతో తెలిసికొనవచ్చును. అది పిల్లకు శాపము కాదు, ముందు జాగ్రత్తకు దారి.

అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థవారి అంచనాప్రకారము 2022లో మన దేశమున సుమారు 1,92,000 మంది స్త్రీలకు ఈ రోగము క్రొత్తగా కనిపించినది. సుమారు 98,000 మంది దీనివలన మరణించిరి. అందు ఆలస్యముగా వచ్చినవారెందరో! గడ్డను కనుగొనుట నేర్పిన చాలునా యని చైనాలోని షాంఘైలో 2,66,000 మందికి పైగా స్త్రీలలో పరీక్షించిరి. స్వయముగా చూచుకొనుట నేర్పినంత మాత్రమున మరణములు తగ్గలేదని 2002లో తేలినది. ముంబయిలో 1998 మొదలు ఇరువది యేండ్లు లక్షన్నరమంది స్త్రీలపై మరియొక పరిశోధన నడచినది. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేండ్లకొకమారు చేతితో పరీక్షించి, అనుమానమున్నవారిని ఆసుపత్రికి పంపుచు వచ్చిరి. 50 యేండ్లు దాటిన స్త్రీలలో ఈ మరణములు నూటికి సుమారు ముప్పది తగ్గినవని 2021లో ప్రకటించిరి. అంతకు చిన్నవారిలో అట్టి ఫలితము కనబడలేదు. ఈ రెండింటిని కలిపి చదివిన మాకు తోచినదిది: చేతికి తగులుట సగము పని, తగిలిన పిమ్మట నోరు విప్పి, పరీక్షించువారియొద్దకు పోవుట మిగిలిన సగము. మేము మొదటి సగము చేసి రెండవదానిని ఐదు నెలలు మరచితిమి. 30 యేండ్లు దాటిన స్త్రీలకు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారము పరీక్షించు ఏర్పాటు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో కలదు. ఖర్చుకు వెరచువారికి, 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీతో మొదలైన ప్రభుత్వ సహాయము నేడు రెండు తెలుగు రాష్ట్రములందును లభించుచున్నది.

చికిత్స ముగిసి మూడేండ్లు కావచ్చుచున్నది. అక్కయ్య ఆరునెలలకొకసారి పరీక్షకు పోవును. ముందటి రాత్రి ఆమెకు నిద్రపట్టదు, మాకును పట్టదు. ఇద్దరమును వంటింటిలో కూర్చుండి, పని లేకున్నను చింతపండు గింజలు తీయుచుందుము. రోగము మరల రాదని డాక్టరుగారు ప్రమాణము చేయలేదు, మేము అడుగలేదు. జుట్టు మరల వచ్చినది, కొంచెము తెల్లగా, కొంచెము ఉంగరములుగా. అమ్మాయికి కొడుకు పుట్టినాడు. అక్కయ్యయే నీళ్ళు పోసినది, కుడిచేతితో పట్టి, ఎడమచేతితో రుద్ది.

ఆమె మమ్మెన్నడును నిందింపలేదు. "చెప్పవద్దన్నది నేనుగా" అనును. ఆమె మంచితనమును అడ్డము పెట్టుకొని మా తప్పును మేము మన్నించుకొనజాలము. మాట ఇచ్చుట మంచిదే, నిలుపుకొనుట మంచిదే. కాని ఒక ప్రాణము ఖరీదుగా ఇచ్చిన మాటకు కట్టుబడుట ధర్మము కాదని మాకు నిమ్మకాయంత గడ్డ నేర్పినది.

మొన్నటి నరక చతుర్దశి నాడు మా యింట మరల తలంట్లు జరిగినవి. క్రొత్తగా కాపురమునకు వచ్చిన మా కోడలిని కూర్చుండబెట్టి, అక్కయ్య ఆమె తలకు నూనె పెట్టుచు, తన కథయంతయు మొదటినుండి, గొంతు తగ్గింపక, రోగము పేరు పేరుగా పలుకుచు చెప్పినది. పెరటి గోడ అవతల పొరుగింటివారు కూడ పని ఆపి వినుచుండిరి. వినుచున్నారని మాకు తెలియును. అక్కయ్యకును తెలియును.